“మొత్తం అంటించెయ్, ఒక స్ప్రే కొట్టు” అన్న సలహాకి నా జవాబు

ముక్కల్ని అతికించి రంగు వేసుకునే పెద్ద ప్లాస్టిక్ రోబో కిట్ కొన్నామని చెప్పగానే ఎవరో ఒకరు ఈ సలహా ఇస్తారు. “చిన్న సైనికుడి బొమ్మ కంటే పెద్దదే సులువు. సూపర్ గ్లూతో మొత్తం అంటించెయ్. ప్రైమర్ దండగ, నేరుగా రంగు వేసెయ్. పైనుంచి నల్ల వాష్ పారించు, అయిపోతుంది. అంతకంటే బాగా రావాలంటే ఎయిర్‌బ్రష్ కొనాల్సిందే.” (ప్రైమర్ అంటే రంగు పట్టడానికి ముందుగా వేసే పూత. వాష్ అంటే గుంతల్లోకి జారి నీడలా ఆరే పలచటి రంగు. ఎయిర్‌బ్రష్ అంటే గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పరికరం.) కొత్తవాళ్ల మధ్య ఈ మాట ఎంతగా తిరుగుతోందంటే, చాలామంది దాన్ని నియమం అనుకుంటున్నారు. నా మొదటి కిట్ నేనూ ఇలాగే కట్టాను. ఇందులో ఒక్కో మాటా ఎందుకు తప్పో చెబుతాను.

నేను మాట్లాడేది ఇంపీరియల్ నైట్ గురించి. ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్‌లోని గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ వాళ్ల వార్‌హామర్ 40,000 అనే, బల్ల మీద బొమ్మలతో ఆడే ఆటలో అది రెండు కాళ్ల మీద నడిచే యుద్ధయంత్రం. కథ ప్రకారం లోపల ఒక మనిషి కూర్చుని నడుపుతాడు. ప్లాస్టిక్ కిట్ 2014లో వచ్చింది. అది నిలబడే కోడిగుడ్డు ఆకారపు బేస్ పొడవే 170 మిల్లీమీటర్లు. మామూలు సైనికుణ్ణి పక్కన నిలబెడితే దాని మోకాళ్ల దగ్గర ఆగిపోతాడు.

అసలు ఈ సలహా ఎక్కడిదో నాకు తెలుసనే అనుకుంటున్నాను. అది గన్‌డమ్ అనే జపాన్ కార్టూన్ సీరియల్ రోబోల కిట్ల నుంచి వచ్చింది. జపాన్‌లో బందాయ్ కంపెనీ 1980లో మొదలుపెట్టిన ఆ కిట్లు ఇప్పుడు రంగురంగుల ప్లాస్టిక్‌తో అచ్చుపోసి వస్తున్నాయి. గ్లూ అక్కర్లేదు, నొక్కితే బిగుసుకుంటాయి. రంగు వేయకపోయినా చూడముచ్చటగా ఉంటాయి. నైట్ అలా కాదు. ముక్కలు అంటుకుని వచ్చే ఫ్రేముల నిండా ఒకే బూడిద రంగు ప్లాస్టిక్. ప్రతి ముక్కా గ్లూతోనే నిలబడాలి. కాళ్లు కదలవు, కిట్‌లో ఇచ్చిన భంగిమ ఒక్కటే. రెండూ రోబోలే అయినా పని వేరు. ఒకదానికి చెప్పే సలహా రెండోదానికి పనికిరాదు.

పెద్దది సులువన్న మాట ముక్కల్ని పట్టుకోవడం వరకే నిజం. చిన్న బొమ్మ మీద అచ్చు గీత (అచ్చు సగాలు కలిసిన చోట ప్లాస్టిక్ మీద పడే గీత) ఒకటి మిగిలిపోతే ఎవరి కంటికీ ఆనదు. నైట్ కాలి కవచం మీద అదే గీత పైనుంచి కింద దాకా పాకుతుంది, రంగు పడ్డాక మరింత కొట్టొచ్చినట్టు కనబడుతుంది. చాకు మొనతో కోయకుండా, చాకు మొండి వైపుని నిలువుగా ఆనించి గీరాలి. నా రెండో నైట్‌కి ఈ ఒక్క పనికే మూడు సాయంత్రాలు పట్టింది.

ఇక గ్లూ. సూపర్ గ్లూ రెండు ముక్కల మధ్య గట్టిపడే పొర, అంతే. లాగితే ఓర్చుకుంటుంది కానీ పక్కనుంచి దెబ్బ తగిలితే పుటుక్కున ఊడుతుంది. ఇంత బరువు చీలమండల మీద నిలబడే బొమ్మకి అది చాలదు. పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌కి వాడాల్సింది ప్లాస్టిక్ సిమెంట్. అది అంటించదు, కరిగించి కలిపేస్తుంది. రెండు సగాల్నీ దగ్గరికి పట్టుకుని అతుకు మీద బ్రష్ తాకిస్తే సిమెంట్ సన్నగా లోపలికి పాకుతుంది. కొన్ని క్షణాలు ఆగి నొక్కితే, కరిగిన ప్లాస్టిక్ అతుకు వెంబడి సన్నటి కట్టలా పైకి ఉబుకుతుంది. దాన్ని అప్పుడే తుడవొద్దు. ఒక రోజు ఆరనిచ్చి చాకుతో గీరి, ఎమరీ పేపర్‌తో రుద్దితే అతుకు ఉన్న చోటు వేలికి కూడా తెలియదు. ఇంకా సందు మిగిలితే ఫ్రేము ముక్కల్ని అదే సిమెంట్‌లో నానబెట్టి ముద్దలా చేసి పూడ్చుకోవచ్చు. అదీ అదే ప్లాస్టిక్ కాబట్టి ఆరాక బొమ్మలో భాగమైపోతుంది. సూపర్ గ్లూ వద్దనను. రంగు వేసిన ముక్కల్ని చివర్లో కలపడానికి అదే కావాలి, ఎందుకంటే రంగు మీద సిమెంట్ పనిచేయదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది “మొత్తం అంటించెయ్” అన్న మాట. నైట్ రెండు పొరల బొమ్మ. లోపల పిస్టన్లు, గొట్టాలతో, లోహంలా కనబడాల్సిన అస్థిపంజరం. దాని మీద భుజాలు, తొడలు, పిక్కలు, వీపు మీది పెద్ద డిప్ప, ఇలా విడివిడి కవచాలు. కవచం అంటించాక దాని వెనక ఏముందో కళ్లకి కనబడుతుంది, కుంచెకి అందదు. నా మొదటి నైట్ తొడ కవచం వెనకున్న పిస్టన్ దగ్గరికి సున్నా నంబర్ కుంచె కూడా వెళ్లలేదు. వంకరగా దూరిస్తే కుంచె పిడి కవచం అంచుకి తగిలి, అప్పటికే పూర్తిచేసిన ఎర్ర రంగు గీసుకుపోయింది. దాన్ని సరిదిద్దబోతే ఎరుపు కిందికి జారి పిస్టన్ మీద పడింది. ఆ మూల ఈ రోజుకీ బూడిద రంగులోనే ఉంది. బొమ్మని అల్మరాలో ఏ వైపు తిప్పి పెట్టినా నా చూపు మాత్రం అక్కడికే పోతుంది.

రెండో నైట్‌కి పద్ధతి మార్చాను. అస్థిపంజరాన్ని ఒక ముక్కగా కట్టి, మొత్తానికీ లోహపు రంగు కొట్టి, పిస్టన్లకి వేరే మెరుపు ఇచ్చాను. కవచాల్ని ఒక్కొక్కటిగా బట్టల క్లిప్పులకి, ఐస్‌క్రీం పుల్లలకి తగిలించి థర్మోకోల్ షీటులో గుచ్చాను. రంగు వేసే ముందు అతుకు పడే చోట్ల చిన్న మాస్కింగ్ టేపు ముక్క అంటించాను. చివర్లో టేపు తీస్తే కింద శుభ్రమైన ప్లాస్టిక్, దాని మీద సిమెంట్ హాయిగా పట్టుకుంటుంది. ఆయుధాల్ని మార్చి మార్చి తగిలించడానికి అయస్కాంతాలు పెట్టేవాళ్లకి ఒక మాట: బిగించే ముందు ఏ ముఖం ఎటో మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. ఒక చేతికి తిరగబడితే ఫిరంగి భుజాన్ని తోసేస్తుంది.

ప్రైమర్ దండగ అన్నవాళ్లు ఒక నెల ఆగి బొమ్మని చేతిలోకి తీసుకుని చూడాలి. నీళ్లతో పలచన చేసే అక్రిలిక్ రంగు నున్నటి ప్లాస్టిక్ మీద నిలవదు. వేలు తగిలే అంచుల దగ్గర మొదట పోతుంది, ఆటలో ఎత్తి పెట్టే బొమ్మకి అన్నీ అంచులే. మన దగ్గర ఇంకో చిక్కుంది. విశాఖలో వానాకాలం గాల్లో ఉండే తేమకి స్ప్రే ప్రైమర్ తెల్లగా మబ్బు పట్టినట్టు ఆరుతుంది. మే నెల ఎండలో దూరం నుంచి కొడితే గాల్లోనే ఆరిపోయి ఇసుక చల్లినట్టు పడుతుంది. అందుకే తేమ లేని పొద్దుట పూట, జానెడు దూరం నుంచి, ఆగి ఆగి పలచటి పూతలు కొట్టాలి. వాతావరణం సహకరించని రోజున కుంచెతో పూసే ప్రైమర్ ఉండనే ఉంది.

వాష్ సంగతీ అంతే. చిన్న బొమ్మ నిండా ముడతలు, మూలలు, వాష్ వాటిలోకి తానే చేరుతుంది. నైట్ కవచం నున్నటి పలక. వాష్ దాని మధ్యలో నిలబడి, టేబుల్ మీద కాఫీ గ్లాసు వదిలే మరకలా అంచు కట్టి ఆరుతుంది. ముందు మెరుపునిచ్చే వార్నిష్ పూసి, సన్న కుంచెతో మూలల్లోకీ రివెట్ల చుట్టూ మాత్రమే వాష్ తాకించాలి. ఆ వార్నిష్ ఎలాగూ కావాలి, ఎందుకంటే నీళ్లలో నానబెట్టి అంటించే చిహ్నాలు గరుకు రంగు మీద వేస్తే కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తాయి.

ఎయిర్‌బ్రష్ ఉంటే మంచిదే. లేకపోతే ఆగాల్సిన పనిలేదు. వెడల్పాటి కుంచె తీసుకుని, రంగుని పాలంత పలచన చేసి, పూతకీ పూతకీ మధ్య పూర్తిగా ఆరనిస్తూ నాలుగు పూతలు వేయండి. కుంచె చారలు పడవు. కవచాలు విడిగా ఉన్నాయి కాబట్టి ఒకటి ఆరేలోపు ఇంకోటి పట్టుకోవచ్చు.

“ఇలా అయితే ఎప్పటికి అవుతుంది?” అని అడుగుతారు. మొదటి నైట్‌ని రెండు రోజుల్లో కట్టేశాను, ఆ తర్వాత మూడు నెలలు దాని సందుల్లో కుంచె దూరుస్తూ కూర్చున్నాను. రెండోది కట్టడానికే పది రోజులు పట్టింది. రంగుతో సహా ఆరు వారాల్లో పూర్తయింది.