తనిఖీ జరిగినట్టు కాగితమేదీ?

ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కే బస్సుల్లో కొరాపుట్, జయపురం తెలుగువాళ్లకి తనిఖీ కొత్తేం కాదు. బస్సు ఆపి ఇద్దరు పోలీసులు ఎక్కుతారు, పైన పెట్టిన బ్యాగు ఎవరిదని అడుగుతారు. వెనక సీట్లో కుర్రాడిని ఆధార్ చూపించమంటారు. కార్డునీ, కార్డు పట్టుకున్న అతన్నీ కలిపి సొంత ఫోన్‌లో ఫొటో తీసుకుంటారు. కాసేపటికి బస్సు కదులుతుంది. ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో, ఆ ఫొటో ఎక్కడికి పోయిందో రేపు అడుగుదామన్నా చేతిలో ఏమీ ఉండదు.

గంజాయి ఈ దారిన పోతోందన్నది ఎవరూ కాదనలేరు. తనిఖీలు ఎత్తేయమని నేను అనడం లేదు. అరెస్టుకి మన చట్టం బోలెడు కాగితాలు అడుగుతుంది. సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం అరెస్టు చేసే పోలీసు పేరు స్పష్టంగా కనబడాలి, మెమో రాయాలి, దాని మీద సాక్షి సంతకం ఉండాలి. కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకి కబురు పెట్టాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే వీటిలో చాలావాటిని గట్టిగా చెప్పింది. అరెస్టుకి ఒక్క అడుగు ముందు ఆగిపోయే తనిఖీకి మాత్రం ఇవేవీ అంటవు. సరిహద్దులో జనానికి రోజూ ఎదురయ్యేది అదే.

జేబులో ఆధార్ పెట్టుకునే తిరగాలని పౌరుడికి ఏ చట్టమూ చెప్పలేదు. బండి నడిపేవాడి సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపించాల్సిందే, డిజిలాకర్‌లో ఉన్నా చెల్లుతుంది. వెనక కూర్చున్నవాడికి ఆ బాధ్యత లేదు. పేరు, ఊరు చెప్పలేదని అరెస్టు చేయాలంటే ముందు నాన్ కాగ్నిజబుల్ నేరమో (వారెంటు లేకుండా అరెస్టు చేయడానికి వీల్లేని నేరం), దాని ఆరోపణో ఉండాలని సంహిత 39వ సెక్షన్ అంటుంది. అలాగని రాత్రిపూట ఘాట్ రోడ్డు మీద సెక్షన్లు వల్లించి పేరు చెప్పనని భీష్మించుకోమని ఎవరికీ సలహా ఇవ్వను. నేరాలు జరగకుండా పోలీసులు ఇచ్చే చట్టబద్ధమైన ఆదేశాన్ని పాటించాలని అదే సంహిత 172వ సెక్షన్ చెబుతోంది, కాదంటే పట్టి ఉంచొచ్చు కూడా. ఆదేశం చట్టబద్ధమా కాదా అని అప్పటికప్పుడు తేల్చేది మళ్లీ ఆపినవాళ్లే.

ఫొటో సంగతి ఇంకా తేలిగ్గా తీసుకుంటున్నాం. పోలీసులు మనుషుల ఒంటి కొలతలు, ఫొటోలు తీసుకోవడం కోసం 2022లో ప్రత్యేకంగా చట్టమే తెచ్చారు. అది శిక్ష పడ్డవాళ్లకి, అరెస్టయినవాళ్లకి, మేజిస్ట్రేటు ఆదేశించినవాళ్లకి వర్తించేది. టికెట్ కొనుక్కుని కూర్చున్న ప్రయాణికుడు వీళ్లలో ఎవరు?

పైగా చిరునామాయే అనుమానానికి కారణమైపోతోంది. ఓడీ-10 (కొరాపుట్ జిల్లా) నంబరు బండి పి.కోనవలస చెక్‌పోస్టు దగ్గరికి వచ్చిందంటే డిక్కీ తెరవాల్సిందే అన్నట్టు ఉంటుంది. కొటియా పల్లెలవాళ్ల పరిస్థితి మరీ ఇరకాటం. ఆ 21 ఊళ్లూ మావంటే మావని రెండు రాష్ట్రాలూ 1968 నుంచి సుప్రీంకోర్టు మెట్లెక్కుతున్నాయి. అక్కడ చాలామందికి రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ, ఓటరు కార్డులూ ఉన్నాయి. ఏది చూపించినా రెండోది ఎందుకుందనే ప్రశ్న వస్తుంది. ఆ చిక్కు ప్రభుత్వాలు పెట్టింది, సంజాయిషీ మాత్రం బస్సులో నిలబడ్డ మనిషి ఇవ్వాలి.

అసలు మెలిక సోదా దగ్గర ఉంది. మత్తుమందుల మీద ఉన్న ఎన్డీపీఎస్ చట్టం 43వ సెక్షన్ బస్సులో కూడా సోదా చేయనిస్తుంది, కానీ నమ్మదగ్గ కారణం ఉంటేనే. ఒంటి మీద వెతకాలంటే 50వ సెక్షన్ ఉంది: గెజిటెడ్ అధికారి ముందో, మేజిస్ట్రేటు ముందో సోదా చేయమని అడిగే హక్కు మనిషికి ఉంది. ఆ హక్కు ఉందని పోలీసులే చెప్పి తీరాలని 2010లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆడవాళ్లని ఆడవాళ్లే సోదా చేయాలి. బ్యాగుకి మాత్రం ఈ రక్షణ లేదు, 50వ సెక్షన్ ఒంటి సోదాకే పరిమితమని కోర్టులు స్పష్టం చేశాయి. ఇక ఆ హక్కు చెప్పే తీరు చూడండి. బస్సులో ఒక ఆడమనిషి ముందు అచ్చువేసిన కాగితం ఒకటి పెట్టి సంతకం చెయ్యమంటారు. అది ఏ భాషలో ఉందో ఆమెకి తెలియదు. డ్రైవర్ హారన్ కొడుతుంటాడు, వెనకనుంచి ఎవరో "పెట్టెయ్యమ్మా, మాకు లేటవుతోంది" అంటారు. గెజిటెడ్ అధికారిని పిలిపించండి అని ఆ టెన్షన్‌లో ఎవరు అడుగుతారు?

సోదా, జప్తులని వీడియో తీయాలని సంహిత 105వ సెక్షన్ ఇప్పటికే చెబుతోంది. దానికి ముందు జరిగే తనిఖీకి ఒక చిన్న స్లిప్ చాలు: టైము, చోటు, ఆపిన కారణం, ఆపినవాళ్ల పేరు, ఫొటో తీస్తే ఎందుకు తీశారో. అదే బస్సులో కండక్టర్ మిషన్ టికెట్ మీద టైము, చోటు అచ్చేసి ఇస్తూనే ఉంది. దీనికి పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు. ఇటు పార్వతీపురం మన్యం, అటు కొరాపుట్ ఎస్పీలు తమ చెక్‌పోస్టులకి ఒక ఆదేశం రాసి, ఆ స్లిప్‌ని తెలుగులో, ఒడియాలో అచ్చు వేయించాలి.