ఛార్టులో మెదడుకు గడి లేదు

డయాలసిస్ ఛార్టులో గడులకు కొదవ లేదు. వచ్చినప్పటి బరువు, వెళ్లేటప్పటి బరువు, మధ్యలో మళ్లీ మళ్లీ బీపీ, నెలనెలా హిమోగ్లోబిన్, పొటాషియం, ఫాస్ఫరస్. ఆ మనిషి ఆలోచన మునుపటిలా సాగుతోందా అని అడిగే గడి మాత్రం కనపడదు. 2006లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 55 ఏళ్లు పైబడిన 338 మంది హీమోడయాలసిస్ రోగులను పరీక్షిస్తే 37 శాతం మందిలో గ్రహణశక్తి తీవ్రంగా, మరో 36 శాతం మందిలో ఒక మోస్తరుగా దెబ్బతిన్నట్టు తేలింది. పూర్తిగా సవ్యంగా ఉన్నవారు 13 శాతమే. కేసు షీట్లలో ఆ మాట రాసి ఉన్నది 3 శాతం లోపు.

ఇంతమంది సంగతి డాక్టర్ల కంట ఎందుకు పడలేదు? ఈ రోగుల్లో ముందుగా చెడేది చాలాసార్లు జ్ఞాపకం కాదు. ఆలోచన వేగం, ఒక పనిని వరుసలో పెట్టుకునే నేర్పు ముందు తగ్గుతాయి. పేరు, తారీఖు అడిగితే తడుముకోకుండా చెబుతారు. కాగితం ఇచ్చి గడియారం గీసి పదకొండు గంటల పది నిమిషాలు చూపించమనండి. గుండ్రం బాగానే వస్తుంది, పన్నెండు అంకెలూ కుదురుగానే కూర్చుంటాయి. చిన్న ముల్లు 11 మీదికి, పెద్ద ముల్లు నేరుగా 10 మీదికి పోతుంది. పది నిమిషాలంటే 2 దగ్గర అని మార్చుకోవడానికి, కళ్లెదుట ఉన్న 10ని కాదనుకోవాలి. ఆ కాదనుకోవడమే చేతకావడం లేదు. ఈ మనిషికే మనం ఫాస్ఫేట్ బైండర్ (తిండిలోని ఫాస్ఫరస్‌ను పట్టి ఉంచే మాత్ర) భోజనంతో, బీపీ మాత్ర డయాలసిస్ అయ్యాక, నీళ్లు లెక్కపెట్టి అని ఒక్క గుక్కలో చెప్పి పంపిస్తున్నాం. మర్నాడు వినలేదని విసుక్కుంటున్నాం.

మెదడులో దూరదూరంగా ఉండే భాగాలు ఒకే లయలో పనిచేస్తే దాన్ని నెట్‌వర్క్ అంటారు. ఊరికే పడుకోబెట్టి, మెదడు పనిచేసే తీరును చూపే ఫంక్షనల్ ఎమ్మారై స్కాన్‌లో ఈ లయ కనిపిస్తుంది. డయాలసిస్ రోగుల్లో ఈ లయ, ముఖ్యంగా ముందు భాగాలనూ వెనక భాగాలనూ కలిపే డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్‌లో, సడలుతోంది. ఆ భాగాల మధ్య తీగల్లాంటి వైట్ మ్యాటర్ కూడా పాడవుతోంది.

మధుమేహం, బీపీ, రక్తహీనత, ఒంట్లో నిలిచిపోయే మలినాలు చాలావరకు కారణం, నిజమే. కొంత నష్టం మాత్రం డయాలసిస్ కుర్చీలోనే జరుగుతోంది. 65 ఏళ్లు దాటిన 12 మందికి పెట్ స్కాన్ తీసి చూస్తే, ఒక్క సెషన్‌లోనే మెదడుకు రక్త ప్రవాహం సగటున 10 శాతం పడిపోయింది. వారానికి మూడు చొప్పున ఏడాదికి 156 సెషన్లు.

మెషీన్ నీరు లాగే వేగం లెక్క చూద్దాం. 60 కిలోల మనిషి నుంచి 4 గంటల్లో 4 లీటర్ల నీరు తీస్తే గంటకు కిలోకు దాదాపు 17 మిల్లీలీటర్లు. 13 దాటకూడదని నిపుణులు చెబుతారు, అంటే ఆయనకు 3.1 లీటర్లు. కణజాలం నుంచి రక్తనాళాల్లోకి నీరు చేరే వేగం కంటే మెషీన్ లాగే వేగం ఎక్కువైతే బీపీ పడిపోతుంది. పడబోయే ముందు రోగి వరసగా ఆవులిస్తాడు, నిద్రనుకుని వదిలేస్తారు. మందు కంటే ముందు చూడాల్సింది గడియారమే: సెషన్ పొడిగించాలి, అది చాలకపోతే అదనపు సెషన్ వేయాలి. ఉప్పు తగ్గితే దాహం తగ్గుతుంది, తీయాల్సిన నీరూ తగ్గుతుంది.

బీపీ పడకుండా చూసే ఇంకో దారి, మెషీన్‌లో రక్తానికి ఎదురుగా పారే డయాలసిస్ ద్రావణం వేడి తగ్గించడం. 2015లో వచ్చిన ప్రయోగంలో కొత్తగా డయాలసిస్ మొదలైన 73 మందిలో కొందరికి 37 డిగ్రీలు, మిగతావారికి వారి ఒంటి వేడి కంటే అర డిగ్రీ తక్కువ పెట్టారు. ఏడాది తర్వాత చల్లటి ద్రావణం వాడినవారిలో వైట్ మ్యాటర్ పదిలంగా ఉంది. అయితే 2022లో కెనడాలో 15 వేలకు పైగా రోగులతో జరిగిన పెద్ద ప్రయోగంలో చల్లదనంవల్ల గుండె జబ్బుల ముప్పు తగ్గలేదు, చలి బాధ మాత్రం పెరిగింది. అందులో కొలిచింది గుండె జబ్బులు, పక్షవాతం లాంటివి, ఆలోచనాశక్తిని కాదు. అందుకే అందరికీ ఒకే మీట తిప్పమని మేం అనడం లేదు. తరచూ బీపీ పడేవారికి అర డిగ్రీ తగ్గించి, ఒక దుప్పటి ఇవ్వండి.

నెమ్మదిగా మందగించడం వేరు, రాత్రికి రాత్రి తికమక పడటం వేరు. నడుము నొప్పికి రాసిన బాక్లోఫెన్, నరాల మంటకు గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, ఇన్‌ఫెక్షన్‌కు సెఫిపిమ్, ఇవన్నీ కిడ్నీల ద్వారా పోవాల్సినవి. పోక పేరుకుంటే మనిషి మాట తూలుతుంది. మాత్రల అట్టలన్నీ తెప్పించి చూడటం స్కాన్ కంటే ముందు జరగాలి. 1970లలో డయాలసిస్ డిమెన్షియా అని హడలెత్తించిన జబ్బుకు మూలం నీటిలోని అల్యూమినియం. ఒక సెషన్‌లో రోగి రక్తానికి ఎదురుగా 120 లీటర్ల ద్రావణం పారుతుంది కాబట్టి నీటి పరీక్ష వాయిదా వేసే పని కాదు.

గ్రహణశక్తిని 30 మార్కులకు కొలిచే పది నిమిషాల మోకా (MoCA) పరీక్ష ఏడాదికోసారి పెట్టాలని మేం కోరుతున్నాం. సూదులు గుచ్చాక కాదు, సెషన్‌కు ముందో, డయాలసిస్ లేని మర్నాడో. కుర్చీలో పెడితే మార్కులు పడిపోతాయి. 30కి 24 లేదా అంతకంటే తక్కువ వస్తే వినికిడి, నిద్ర, కుంగుబాటు కూడా చూడాలి. ఆ మార్కు చూపి కిడ్నీ మార్పిడి జాబితాలోంచి పేరు కొట్టేయకూడదు. మార్పిడి తర్వాత చాలామందిలో ఆలోచన వేగం, జ్ఞాపకం మెరుగుపడినట్టు అధ్యయనాల్లో కనిపించింది.