పడ్డావు!

జరిగి నాలుగు రోజులే అయింది. ఇంకా మండుతూనే ఉంది.

మొన్న టీచర్ల ట్రైనింగులో చెప్పారు, పిల్లల్ని "తెలివైనవాడివి" అని కాదు, "కష్టపడ్డావు" అని మెచ్చుకోవాలట. 1998లో అమెరికాలో కరోల్ డ్వెక్, క్లాడియా ముల్లర్ అనే ఇద్దరు అయిదో తరగతి పిల్లలతో చేసి చూశారట. తెలివిని మెచ్చుకుంటే పజిల్ కష్టమవగానే పిల్లలు చేతులెత్తేశారు. కష్టాన్ని మెచ్చుకుంటే వదలకుండా పట్టుకున్నారు. మాట నాకు నచ్చింది. దాంతో ఆపితే ఎంత బాగుండేదో! "ఫీడ్‌బ్యాక్ ఇచ్చినట్టు ఫొటోలు సోమవారం పదింటికల్లా గ్రూపులో పెట్టాలి" అన్నారు.

ఏడో తరగతి బి సెక్షన్‌లో 41 మంది. ఒక్కొక్కరికీ రాసే ఓపిక లేక బస్టాండు దగ్గర 250 రూపాయలిచ్చి రబ్బరు స్టాంపు చేయించాను. "శభాష్! బాగా కష్టపడ్డావు" అని. ఒక్క లైనులో పట్టదని కొట్టువాడు మూడు లైన్లు చేశాడు: శభాష్, బాగా కష్ట, పడ్డావు. ఆదివారం రాత్రి టీవీ చూస్తూ, పోస్టాఫీసులో ఉత్తరాల మీద ముద్ర వేసినట్టు స్లిప్ టెస్టు పేపర్ల మీద టపటపా కొట్టేశాను. సిరా కింది లైనుకే అంటుతోందని చూసుకోలేదు.

సోమవారం పేపర్లు ఇచ్చాను. క్లాసంతా నిశ్శబ్దం. 20కి 19 వచ్చిన అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ లేచింది. "ఒక్క మార్కు పోతే పడ్డట్టేనా సార్?" వెనక బెంచీవాడు మోకాలి మీద పట్టీ చూపించి, "సైకిల్ మీంచి పడ్డానని మీకెవరు చెప్పారు సార్?" అన్నాడు. నాకప్పటికీ అర్థం కాలేదు. పక్క పేపరు లాక్కుని చూద్దును కదా, మార్కుల పక్కన ఊదా రంగులో, కుదురుగా, "పడ్డావు".

అసలు ఈ స్టాంపు ఎవరి కోసం చేయించానో వాడు మూడో బెంచీలో ఉన్నాడు. పోయిన స్లిప్ టెస్టులో 4, ఇప్పుడు 9. పేపరు మడిచి జేబులో పెట్టుకుంటూ నెమ్మదిగా అడిగాడు. "నాలుగొచ్చినప్పుడు మీరేం అనలేదు. తొమ్మిదొస్తే పడ్డానా సార్?"

బోర్డు తుడిచాను. దాని మీద ఏమీ లేదు.

సాయంత్రం వాళ్ల నాయనమ్మ ఆయాసపడుతూ వచ్చింది. "ఎక్కడ పడ్డాడు మాస్టారూ? అడిగితే చెప్పడే! మేడ మీంచి కాదు కదా?" వాణ్ణి పిలిచి ఒళ్లంతా తడిమింది. కష్టపడ్డాడని మెచ్చుకున్నానమ్మా అంటే, "కష్టం మీద పడ్డాడా!" అని మళ్లీ మొదలుపెట్టింది.

స్టాంపు పట్టుకెళ్లి కొట్టువాణ్ణి నిలదీశాను. "గట్టిగా నొక్కాలి సార్, మీరు కష్టపడలేదు" అన్నాడు.

ఇంతలో ఆఫీసు నుంచి ఫోన్. ఫొటోలు పదింటికల్లా పెట్టేశానుగా, ఒక్కరూ చదవకుండా దండం బొమ్మలు పెట్టారు. మూడో రోజుకి ఎవరో జూమ్ చేసి చూశారట. "ఒకే క్లాసులో 41 మంది ఎలా పడ్డారండీ? హెడ్మాస్టరుకి చెప్పారా? ఆస్పత్రికి తీసుకెళ్లారా?" విషయం చెప్పాను. నవ్వుతారనుకున్నాను. ఎవరూ పడలేదని పిల్లలందరి సంతకాలతో రిపోర్టు పంపమన్నారు.

ఇప్పటికి 23 అయ్యాయి. సైకిల్ వాడు మాత్రం సంతకం పెట్టనంటున్నాడు.