సవరణ: డెవలపర్ ఇంటర్వ్యూల పోస్టులో ఆ 0.54 సంగతి

మొన్నటి పోస్టులో, డెవలపర్ని తీసుకునేముందు చిన్న పని ఇచ్చి కోడ్ రాయించి చూడటమే అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి, దాని స్కోరు (ఆ పద్ధతిలో వచ్చిన మార్కులకీ తర్వాత ఉద్యోగంలో పనితీరుకీ ఎంత పొంతన ఉందో చెప్పే అంకె, 1 అయితే పూర్తి పొంతన) 0.54 అని రాశా కదా, అది ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు 1998లో ఇచ్చిన లెక్క. 2022లో సాకెట్ అనే పరిశోధకుడి టీం పాత లెక్కలన్నీ మళ్లీ తిరగేసింది. మామూలుగా సెలెక్ట్ అయినవాళ్ల పనితీరే తెలుస్తుంది, రిజెక్ట్ అయినవాళ్లు ఎలా చేసేవాళ్లో ఎవరికీ తెలీదు, ఆ లోటు పూడ్చడానికి చేసిన సర్దుబాటులో అంకెలు మరీ పెరిగిపోయాయని వాళ్లు తేల్చారు. కొత్త లెక్కలో పని చేయించి చూడటం 0.33కి దిగింది, అందరికీ అవే ప్రశ్నలు అడిగి ఏ జవాబుకి ఎన్ని మార్కులో ముందే రాసిపెట్టుకునే ఇంటర్వ్యూ 0.42తో మొదటి స్థానంలోకొచ్చింది. ఇక టీ తాగుతూ "మీ గురించి చెప్పండి" బ్యాచ్ ఇంటర్వ్యూలు 0.19, పాపం.

అలాగని కోడ్ రాయించడం మానెయ్యమని కాదు, రాయించండి, కాకపోతే దేనికి ఎన్ని మార్కులో ముందే అనుకుని రాయించండి. ఇంకోటి, ఈ అంకెలు రకరకాల ఉద్యోగాలన్నీ కలిపి తీసినవి, ఒక్క సాఫ్ట్‌వేర్ వాళ్లవి కావు, కాబట్టి పాయింట్ల దగ్గర కొట్టుకోకండి.