వేళ్లు అందకపోయినా అది ఆసనమే

బరువు తగ్గడానికి పది ఆసనాలంటూ మీరు రాసింది చదివాను. యోగాను అక్కడికే ఆపేస్తే నాకు బాధగా ఉంటుంది. పతంజలి యోగసూత్రాలు 190కి పైగా ఉంటే, ఆసనం గురించి నేరుగా చెప్పినవి మూడే. రెండో పాదంలో, అంటే రెండో అధ్యాయంలో, 46వ సూత్రం 'స్థిరసుఖమాసనమ్'. కదలకుండా, హాయిగా ఉండగలిగితే అదే ఆసనం. ఆ వెంటనే 47లో ప్రయత్నాన్ని సడలించమంటాడు.

ఇది నాకు హన్మకొండలో, భద్రకాళి చెరువు దగ్గర పొద్దున పూట అర్థమైంది. కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనంలో కాలివేళ్లు ఎలాగైనా పట్టుకోవాలని పళ్లు బిగబట్టి వంగేదాన్ని. మోకాళ్లు పైకి లేచేవి, ఊపిరి ఆగిపోయేది. నేర్పే సారు వచ్చి, "వేళ్లు అందకపోతే ఏమైతదమ్మా, ముందుగాల ఊపిరి ఇడువు" అన్నారు. మెల్లగా వదిలాను. వదిలిన కొద్దీ తొడల వెనక బిగువు సడలి, నడుము దానంతటదే కిందికి దిగింది. వేళ్లు ఆ రోజు అందలేదు, అయినా మనసులో టెన్షన్ పోయింది. (మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం పద్మాసనం కోసం కాళ్లు మెలిపెట్టొద్దు, కుర్చీలో నిటారుగా కూర్చున్నా చాలు.)

పతంజలి చెప్పిన యోగాలోని ఎనిమిది అంగాల్లో (అష్టాంగాల్లో) యమ, నియమాల తర్వాత, అంటే ఇతరులతో నడవడిక, సొంత క్రమశిక్షణల తర్వాత, మూడోది ఆసనం, నాలుగోది ప్రాణాయామం. మీ వ్యాసంలో శ్వాస గురించి ఒక్క వాక్యం కూడా లేదు. తర్వాతి భాగంలో దాని గురించి తప్పకుండా రాయండి.