ఉలే కదా అనేవాళ్లందరికీ

సెలవులకి వచ్చిన మా బావగారు ఇవాళ పొద్దున నా ఉలితో కొబ్బరి చిప్పలోంచి కొబ్బరి పెకలించారు. అవును, సరిగ్గానే చదివారు. వంటింట్లో చాకులున్నాయి, కొబ్బరి కోరాం ఉంది, ఇలాంటి పనికనే ఉంచిన పాత స్క్రూడ్రైవరు కూడా ఉంది. అవన్నీ వదిలేసి పెరట్లోకి నడిచి, నేను సరదాకి వడ్రంగి పని చేసుకునే షెడ్డు గడియ తీసి, గోడకి వరసగా పెట్టిన ఉలుల్లో అన్నిటికంటే మంచిదాన్ని ఏరుకుని మరీ పట్టుకెళ్లారు. ముప్పావు అంగుళం ఉలి. నిన్న రాత్రే 30 డిగ్రీల కోణం తప్పకుండా నూరి, చేతి మీద వెంట్రుకలు గొరిగి చూసుకుని పెట్టినది. దాన్ని చిప్పలో దూర్చి, మెలిపెట్టి, అంచు మూల విరగ్గొట్టారు. ఆ తర్వాత, శుభ్రత గల మనిషి కాబట్టి, సింకులో అంట్లతో పాటు నానబెట్టారు.

అడిగితే ఏమన్నారో తెలుసా? "ఏవోయ్, ఉలే కదా, దానికింత గొడవా? పదును మాత్రం బాగుంది, మెచ్చుకోవాలి."

చట్నీ కుదిరిందని ఇంకో రెండు ఇడ్లీలు వేయించుకున్నారు కూడా.

ఉలే కదా! రేపు వారి ల్యాప్‌టాప్ మూత మీద అల్లం వెల్లుల్లి దంచి, "భలే గట్టిది బావగారూ" అనాలని ఉంది. ఉలికి మూల విరిగితే ఆ మూల ఒక్కటే బాగుచేయడం కుదరదని ఈ పెద్దమనుషులకి ఎవరు చెప్తారు? విరిగినంత లోతూ అంచు మొత్తం అరగదీయాలి. గ్రైండర్ మీద తొందరపడితే ఉక్కు వేడెక్కి నీలం తిరుగుతుంది, ఇక అక్కడ పదును నిలవదు. కాబట్టి ఆపి ఆపి, నీళ్లలో ముంచి ముంచి అరగదీసి, మళ్లీ 25 డిగ్రీల అసలు వాలు తెచ్చి, అప్పుడు కొస అంచు ఒక్కటీ 30కి నూరుకోవాలి. నా ఆదివారం అయిపోయింది. అక్కా, నువ్వీ పోస్టు చూస్తావని తెలుసు. చూడు. మీ ఆయనకీ చూపించు.

అసలు విశాఖలో ఇనుప పనిముట్లు దాచుకోవడమే ఓ వ్రతం. ఆ ఉప్పుగాలికి, ఆ తేమకి చెక్కని చిత్రిక పట్టే తోపడ నిన్న తళతళలాడినది ఇవాళ ఎర్రబడి ఉంటుంది. బీచ్ వ్యూ అని ఫ్లాటుకి లక్షలు ఎక్కువ గుంజేవాళ్లు ఈ ముక్క బ్రోషర్లో వేయరు. వాడిన ప్రతిసారీ నూనె గుడ్డతో తుడవాలి, పెట్టెలో కర్పూరం బిళ్లలు వేయాలి. ఆ కర్పూరమైనా ఉంటుందా అంటే, హారతికి అయిపోయినప్పుడల్లా మా అమ్మ నేరుగా నా ఉలుల పెట్టె దగ్గరికే వస్తుంది. దేవుడి పని కాబట్టి నేను నోరెత్తకూడదు.

ఈ షెడ్డయినా ఊరికే లేచిందా? పెరట్లో ఈశాన్యం మూల ఖాళీగా ఉండేది. పొద్దున్నే వెలుతురు పక్కనుంచి పడుతుంది. చెక్క మీద గీసిన సన్నటి గీత కనపడాలంటే అలాంటి వెలుతురే కావాలి. కానీ మా పెద్దత్తయ్య ఒప్పుకోలేదు. ఈశాన్యంలో బరువు పెట్టకూడదట, పెడితే నైరుతిలో పెట్టాలట. సరే, నైరుతిలోనే కట్టాం. జూన్‌లో వానలు కూడా వాస్తు చూసుకునే వచ్చాయి, సరిగ్గా ఆ మూల నుంచే. జల్లు నేరుగా తలుపులోకి. అత్తయ్యా, బల్ల కాళ్లు తడిసి ఉబ్బాయి, దీనికి శాస్త్రంలో ఏముందో కాస్త చూసి చెప్పు.

తాపీ మేస్త్రీది ఇంకో కథ. "టైల్స్ వేద్దాం సార్, లుక్కొస్తాది." నున్నటి టైలు మీద రంపపు పొట్టు పడి, తిరుగుతున్న మిషన్ చేతిలో ఉండగా కాలు జారితే వచ్చే లుక్కు వేరే ఉంటుంది. గచ్చు చాలన్నానని వారం పాటు మొహం మాడ్చుకున్నాడు. తలుపేమో రెండున్నర అడుగులు పెట్టాడు. లోపల చేసిన బీరువా బయటికి ఎలా వస్తుందయ్యా అంటే, "విడదీసి తెచ్చి బయట బిగించుకోండి" అన్నాడు. గోడ కొట్టించి నాలుగడుగులు చేయించాను. కట్టినందుకు ఒక కూలీ, కొట్టినందుకు ఇంకో కూలీ. ఈలోగా వీధిలో వచ్చేవాడూ పోయేవాడూ, "కోళ్లు పెంచుతున్నారా సార్? అద్దెకిస్తారా?"

కరెంటు పనికి వచ్చినాయన అయితే అందరికీ తాత. "వరండా ప్లగ్గు నుంచి లాగేద్దాం సార్, ఏం కాదు." ఆయన నోట ఆ 'ఏం కాదు' విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. టేబుల్ రంపం 1800 వాట్లు. 230 వోల్టుల దగ్గర ఎనిమిది ఆంపియర్లు లాగుతుంది, మోటారు మొదలయ్యే క్షణంలో అంతకి ఎన్నో రెట్లు. దాన్ని ఫ్యాన్ల కోసం వేసిన సన్నటి తీగకి తగిలించమంటాడు! మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి తీగ, 16 ఆంపియర్ల సాకెట్లు, దానికి వేరే ఎంసీబీ (లోడు మీరితే దానంతటదే పడిపోయే స్విచ్చి), సరైన ఎర్త్ కావాలంటే, ఫ్యాక్టరీ పెడుతున్నారా అని నవ్వాడు. ఎర్త్ తగిలిందో లేదో చూడమంటే, "బల్బు వెలిగింది కదా సార్" అన్నాడు. ఎర్త్ లేకపోయినా గదిలో బల్బు వెలుగుతుందయ్యా!

నవ్వేవాళ్లకేం కొదవ లేదులెండి. రాయి కోసే మార్బుల్ కట్టర్‌ని ప్లైవుడ్ ముక్కకి తలకిందులుగా బిగించి, బ్లేడుకి చెయ్యి తగలకుండా ఉండే గార్డు పీకేసి, పళ్ల బ్లేడు పెట్టి దాన్నే టేబుల్ రంపం అంటారు మన దగ్గర. నిమిషానికి 12 వేల చుట్లకి అటూ ఇటూగా తిరిగే మిషన్ అది. ఆ వీడియోలకి లక్షల లైకులు, ఆహా మనవాళ్ల బుర్ర అని కామెంట్లు. వేలు పోయినవాడు వీడియో పెట్టడు కదా. గార్డు పెట్టుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, మాస్కు వేసుకుని కోసే నేనే అందరికీ జోకర్ని. "కరోనా అయిపోయింది కదోయ్" అంటారు మా బావగారు. చెక్క ధూళిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టిందని చెప్తే, "చట్నీలో పడలేదు కదా" అని నవ్వు.

ఇక అసలు మాట. "ఉద్యోగం చేసుకుంటూ నీకీ వడ్రంగి పని ఏం ఖర్మ?" ఇది చుట్టాల్లో కనీసం సగం మంది అన్నారు, మిగతా సగం మనసులో అనుకున్నారు. వీళ్లే సంక్రాంతికి ఏటికొప్పాక వెళ్లి, అంకుడు కర్ర బొమ్మల మీద లక్క రంగు ఎలా ఎక్కిస్తున్నారో నోరు తెరుచుకుని చూసి, సెల్ఫీలు దిగి, 2017లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే ముద్ర) కూడా వచ్చిందట తెలుసా అని నాకే చెప్తారు. ఆ తర్వాత ఆ బొమ్మ దగ్గరే యాభై రూపాయల కోసం అరగంట బేరం ఆడతారు. చేతి పని మీద గౌరవం అంటే ఇదే కాబోలు.

కలప సంగతి ఎత్తకూడదనుకున్నాను. ఎత్తాల్సి వస్తోంది. టింబర్ డిపోకి వెళ్తే కాయితం మీద అంతా మేలు రకమని పేరున్న బల్లార్షా టేకే. కోసి చూస్తే సగం తెల్లచెక్క, చేవ లేదు. తేమ కొలిచే మీటరు ఆనిస్తే ఇరవై శాతం దాటింది. 12 దగ్గర ఉండాలి కదండీ అంటే, "మీటరు తెచ్చేవాళ్లకి మేం అమ్మం సార్" అన్నాడు, మొహం మీదే. సరే ప్లైవుడ్ తీసుకుందామంటే ప్రతి షీటు మీదా ఐఎస్ 710 ముద్రే. నీళ్లకి తట్టుకునే మెరైన్ రకమట. ఒక ముక్క బకెట్లో వేసి ఉంచాను, పొరలు పుస్తకం పేజీల్లా విచ్చుకున్నాయి.

ఈ గోడు వింటూ ఇడ్లీ తింటున్న బావగారు ఒక సలహా పారేశారు. "ఆ మామిడి చెట్టు కొట్టించేసి చేసుకోరాదూ?" ఇంట్లో చెట్టు కొట్టాలన్నా నీళ్లు, నేల, చెట్లు కాపాడటానికి తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. కొట్టాక పలకలు కోయించి నీడన ఆరబెడితే అంగుళం మందానికి ఏడాది పడుతుంది. ఆరే లోపు పురుగు పట్టకుండా చూసుకోవాలి. సరే, అదంతా ఆయనకి తెలియదనుకుందాం. కానీ కలప గురించి నాకు సలహా చెప్పే హక్కు లోకంలో ఎవరికున్నా ఆయనకి మాత్రం లేదు.

ఎందుకంటే బొబ్బిలి దగ్గర మా తాతల నాటి మండువా ఇల్లు పడగొట్టించింది ఈయనే. "మీరంతా ఉద్యోగాల్లో ఉన్నారు, నేను చూసుకుంటాలే" అని ముందుకొచ్చి మరీ. స్తంభాలు, దూలాలు చేవ తేలిన టేకు. వాసాలు నల్లమద్ది. వీధి తలుపు పలక ఒక్కొక్కటి ఒకే చెక్క, అతుకు లేదు. మూడు తరాల ఎండా వానా చూసి, ఇక వంగేది లేదు, ఉబ్బేది లేదు అన్న కలప. ఇవాళ ఎంత డబ్బు పోసినా దొరకదు. ఆ పక్కనే గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి వీణలు చేసే ఇళ్లున్నాయి. ఏ చెక్క విలువ ఎంతో ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా చెప్పేవారు. ఈయన అడగలేదు. పాత కలప కొనేవాడెవడో వస్తే ఇల్లంతా గుత్తగా మాట్లాడేశారు. నేను సెలవు దొరికించుకుని వెళ్లేసరికి మొండి గోడలు నిలబడి ఉన్నాయి. ఒక్క దూలం, ఒక్కటి, నాకోసం పక్కన పెట్టించి ఉండకూడదా బావగారూ?

"చెదలు పట్టిన పాత చెత్తోయ్" అన్నారు అప్పుడు. చేవ టేకుకి చెద అంత తేలిగ్గా పట్టదు, అందుకే కదా తాతలు దానితో కట్టుకున్నది! పోనీ ఆ డబ్బుతో ఏం చేశారు? అందరికీ పంచగా తన వాటాకి వచ్చినదానితో హాల్లోకి టీవీ యూనిట్ చేయించారు. ప్లైవుడ్, పైన మైకా. ఏ రంగు మైకా అనుకున్నారు? టేకు రంగు. మా ముత్తాత టేకు అమ్మి టేకు రంగు మైకా కొన్న మనిషి నా షెడ్డులోకి వచ్చి పలకలు తట్టి చూసి, "ఇది ఒరిజినలేనా?" అని అడుగుతారు. ఆ యూనిట్ అడుగు భాగం రెండో వానాకాలానికే ఉబ్బింది. దాన్ని బాగుచేసి పెట్టమని మా అక్క ఫోన్ చేసింది నాకే.

చేయను. రాసి పెట్టుకోండి.

షెడ్డుకి ఇవాళే తాళం కప్ప కొన్నాను. ఇక మీకు చెప్పేది ఒకటే. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎవరైనా తాతల నాటి ఇల్లు పడగొట్టిస్తుంటే, ఆ దూలాలు, ద్వారబంధాలు పాత కలప వాడికి గుత్తగా ఇచ్చేసే ముందు నాకో మెసేజ్ పెట్టండి. వాడిచ్చే ధర నేనే ఇస్తాను, లారీ కిరాయి కూడా నాదే. మేకులు పీకక్కర్లేదు, నేను పీక్కుంటాను.