ఈ క్రిస్మస్‌కి కుకీలు మనమే చేద్దాం

ఉగాదికి పచ్చడి పోటీలు, బతుకమ్మకి పూల ఆర్డర్లు, దీపావళికి రెండు నెలల ముందు నుంచే డాన్స్ ప్రాక్టీసులు. వీటిలో దేనికీ అమెరికాలోని మన మిన్నెసోటా తెలుగు సంఘం లోటు చేయదు. డిసెంబరు వచ్చేసరికి మాత్రం హాలిడే పార్టీ అని పేరు పెట్టి, బిర్యానీ కేటరింగ్‌కి ఇచ్చేసి, పిల్లల బల్ల మీద స్టోర్‌లో కొన్న కుకీలూ రంగు ఐసింగ్ ట్యూబులూ పరుస్తున్నాం. పిల్లలు ఆ రంగు కొంత కుకీకీ కొంత చొక్కాకీ పూసుకుని ఇంటికి పోతారు. పిండి ఎలా కలుపుతారో, ఆ వాసన ఎక్కణ్ణుంచి వస్తుందో వాళ్ళకి తెలిసే వీలే లేదు.

ఈ పద్ధతి మారాలి. క్రిస్మస్ వీకెండ్‌లో మసాలా కుకీలు మనమే పిండి కలిపి, మనమే బేక్ చేయాలి. అదే బల్ల మీద తెలుగు క్రైస్తవుల ఇళ్ళ పిండివంటలు కూడా ఉండాలి. ఆ రోజుని క్రిస్మస్ అనే పిలవాలి.

క్రిస్మస్ అమెరికా వాళ్ళ పండగ, పిల్లలకి ఇక్కడి కల్చర్ తెలియాలని పెడుతున్నాం అన్న మాట మన మీటింగుల్లో చాలాసార్లు విన్నాను. అన్నవాళ్ళకి చెడ్డ ఉద్దేశం లేదని నాకు తెలుసు. కానీ నేను గుంటూరులో లూథరన్ల ఇంట్లో, అంటే ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ వాళ్ళ ఇంట్లో, పుట్టి పెరిగాను. డిసెంబరు సగం దాటిందంటే మా వీధిలో ఇంటింటికీ కాగితం నక్షత్రం వెలిగేది. అర్ధరాత్రి కేరల్స్ అనే క్రిస్మస్ పాటలు పాడేవాళ్ళు డప్పుతో వచ్చి తలుపు తట్టేవాళ్ళు. తడిబియ్యం దంచడం, బెల్లం పాకం పట్టడం, కజ్జికాయలు ఒత్తడం, అన్నీ ఆ వారంలోనే. మా ఇంటి పళ్ళెం పక్కింటి సుబ్బమ్మత్త వాళ్ళింటికి వెళ్ళేది. ఖాళీ పళ్ళెం తిరిగి పంపకూడదని ఆవిడ దాన్ని అట్టే పెట్టి, సంక్రాంతికి అరిసెలతో పంపేది. అలాంటి పండగని మన పిల్లలకి పరాయి కల్చర్ అని ఎలా చెబుతాం?

ఇంకో మాట కూడా చెప్పాలి. గుంటూరులో లూథరన్ మిషన్ మొదలుపెట్టిన ఫాదర్ హేయర్ 1842 జూలై 31న ఆ ఊళ్ళో అడుగుపెట్టాడు. జర్మనీలో పుట్టి, పెన్సిల్వేనియా లూథరన్ల తరఫున వచ్చిన మనిషి. 1857లో ఇండియా నుంచి తిరిగి వచ్చాక ఆయన చేరింది ఎక్కడికో కాదు, మన మిన్నెసోటాకే. 1860లో ఏర్పడిన మిన్నెసోటా లూథరన్ సినడ్‌కి, అంటే ఇక్కడి లూథరన్ చర్చిల సమాఖ్యకి, మొదటి అధ్యక్షుడు ఆయనే. డెబ్భై ఆరేళ్ళు దాటిన వయసులో మళ్ళీ ఓడెక్కి తెలుగుదేశం వెళ్ళి, రాజమండ్రిలో పనిచేశాడు. మనలో ఎవరూ ఇక్కడికి రాకముందే గుంటూరుకీ ఈ రాష్ట్రానికీ రాకపోకలు మొదలయ్యాయన్నమాట.

ఇక కుకీల సంగతి. ఏ కుకీ అని అడిగితే నా ఓటు స్వీడన్ వాళ్ళ పెప్పర్‌కాకర్‌కే. మినియాపొలిస్‌లో స్వీడిష్, నార్వేజియన్ కుటుంబాల వాళ్ళకి ఇది లేనిదే క్రిస్మస్ కాదు. పల్చగా, కరకరలాడుతూ, నోట్లో పెట్టగానే లవంగం ఘాటు తగిలే రకం. దీనికి కావలసినవి దాల్చినచెక్క, శొంఠి, లవంగం, యాలకులు. నాలుగూ మన పోపుల డబ్బా పక్కనే ఉంటాయి. పైగా చాలా ఇళ్ళలో దీన్ని గుడ్డు లేకుండానే చేస్తారు. గుడ్డు తినని కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి కాబట్టి మనకి ఇది పెద్ద సుఖం.

నూట యాభై గ్రాముల వెన్న, రెండు వందల గ్రాముల పంచదార, యాభై మిల్లీలీటర్ల చిక్కటి బెల్లం పాకం, వంద మిల్లీలీటర్ల నీళ్ళు, నాలుగు వందల యాభై గ్రాముల మైదా. దాల్చినచెక్క పొడి ఒక పెద్ద చెంచా, మిగతా మూడు పొడులూ ఒక్కో చిన్న చెంచా, వంట సోడా ఒకటిన్నర చిన్న చెంచా. వాళ్ళు వాడే సిరప్ బదులు బెల్లం పాకం వేయడం నా పద్ధతి. బెల్లాన్ని కాసిని నీళ్ళలో కరిగించి గుడ్డలో వడకట్టాలి, లేకపోతే ఇసక పంటికి తగులుతుంది. మసాలాలు మాత్రం దయచేసి సీసాల్లో పొడి కొనకండి. నెలల తరబడి సీసాలో ఉన్న లవంగం పొడికి రంగే మిగులుతుంది, ఘాటు ఉండదు. లవంగాలు పెనం మీద కాస్త వేడిచేసి మిక్సీలో వేస్తే రెండు నిమిషాల పని. శొంఠిని జల్లించాలి, పీచు ఉండిపోతుంది.

పిండి ముందు రోజు రాత్రే కలపాలి. కలిపినప్పుడు జిగటగా, ఇది కుకీ అవుతుందా అన్నట్టు ఉంటుంది. రాత్రంతా చలికి వెన్న గట్టిపడి, మైదా తడి పీల్చుకుని, పొద్దునకి కర్రకి అంటుకోకుండా వస్తుంది. ఫ్రిజ్‌లో చోటు లేకపోతే గరాజ్ ఉంది, మిన్నెసోటా డిసెంబరు ఆ పని చేసిపెడుతుంది. పొద్దున ఒక్కో ముద్ద తీసుకుని, రెండు మూడు మిల్లీమీటర్ల మందంలో ఒత్తాలి. చపాతీలు ఒత్తే చేతికి ఈ పని కొత్త కాదు, ఇక్కడి వాళ్ళ కంటే మనవాళ్ళే పల్చగా ఒత్తుతారని నేను గట్టిగా చెప్పగలను. 400 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్‌లో ఐదు నిమిషాలు చాలు. నాలుగో నిమిషం నుంచి అక్కడి నుంచి కదలకండి. అంచు ఎర్రబడటానికీ మాడటానికీ మధ్య ఎక్కువ టైం ఉండదు. తీసినప్పుడు మెత్తగా ఉన్నా, ఆరాక కరకరలాడతాయి.

పిల్లలకి నచ్చే ఆట ఒకటి స్వీడన్ వాళ్ళే నేర్పారు. కుకీని అరచేతిలో పెట్టుకుని, మనసులో ఏదో కోరుకుని, మధ్యలో వేలి కణుపుతో నొక్కాలి. సరిగ్గా మూడు ముక్కలైతే కోరిక తీరుతుందట. ఐసింగ్ ట్యూబు కంటే దీనికే పిల్లలు ఎక్కువసేపు బల్ల దగ్గర నిలబడతారు.

మన మసాలాలు అమెరికా క్రిస్మస్‌లోకి ఈ మధ్య వచ్చినవి కావు. అమేలియా సిమన్స్ అనే ఆవిడ 1796లో కనెటికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో అచ్చు వేయించిన 'అమెరికన్ కుకరీ' ఈ దేశపు మనిషి రాసిన తొలి వంటపుస్తకం. అందులో క్రిస్మస్ కుకీ ఉంది. మూడు పౌండ్ల పిండికి ఆవిడ వేయమన్న మసాలా ఒక టీ కప్పు నిండా మెత్తటి ధనియాల పొడి! మట్టికుండలో పెట్టి దాచితే ఆరు నెలలకి ఇంకా బాగుంటాయని కూడా రాసింది. ధనియాలతో తీపి ఏమిటని మొహం చిట్లించేవాళ్ళు ఒక్క వాయి చేసి చూడండి. నారింజ తొక్కకి దగ్గరగా ఉండే వాసన వస్తుంది.

నేను ఎక్కువగా కోరుకునేది మాత్రం గులాబీ పువ్వులు అనే పిండివంట గురించి. కోస్తాలో క్రిస్మస్ పళ్ళెంలో ఇవి తప్పకుండా ఉంటాయి. బియ్యప్పిండి, మైదా, పంచదార, గుడ్డు, పాలు, కాసిని నువ్వులు కలిపి జారుగా చేసుకుని, పొడుగు కాడ ఉన్న ఇనుప అచ్చుని కాగే నూనెలో బాగా వేడెక్కనిచ్చి పిండిలో ముంచుతారు. అచ్చు పైఅంచు మునగకూడదు, మునిగితే పువ్వు ఊడి రాదు. వెంటనే నూనెలోకి దించి మెల్లగా ఆడిస్తే పువ్వు అచ్చుని వదిలి పైకి తేలుతుంది. ఇదే అచ్చు, ఇదే పని, మిన్నెసోటాలో నార్వేజియన్ అమ్మమ్మలు క్రిస్మస్‌కి చేసే రోజెట్లలో చూస్తాం. బియ్యప్పిండీ నువ్వులూ ఉండవు, పైన పంచదార పొడి చల్లుతారు, అంతే తేడా. 1946లో ఇక్కడ మొదలైన నార్డిక్ వేర్ కంపెనీ తొలి సరుకులో ఈ రోజెట్ అచ్చు ఉంది. దాంతోపాటు తెచ్చిన డేనిష్ ఎబిల్‌స్కీవర్ పెనం చూశారా? మన గుంత పొంగణాల పెనమే.

ఒకే బల్లకి ఇటు గుంటూరు నుంచి వచ్చిన ఒక ఆంటీ, అటు మన పక్కింటి నార్వేజియన్ మామ్మ, ఇద్దరి చేతుల్లోనూ అచ్చులు. పిల్లలకి ఇక్కడి కల్చర్ నేర్పాలన్నా, మన కల్చర్ నేర్పాలన్నా ఇంతకంటే మంచి క్లాసు నాకు కనిపించదు. మన సంఘంలో చందా కట్టే తెలుగు క్రైస్తవ కుటుంబాలు దసరాకి వంటింట్లో సాయం చేస్తాయి, సంక్రాంతి ముగ్గులకి వస్తాయి. వాళ్ళ పండగ రోజు వంట గురించి వాళ్ళని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నాకు బాధ కలిగించేది ఇదే. కొంతమంది రావడం మానేశారు కూడా.

మతం గొడవ వస్తుందేమోనని టెన్షన్ పడేవాళ్ళకి ఒకటే చెబుతాను. అక్కడ ప్రార్థన పెట్టమని నేను అడగడం లేదు. దీపావళికి దీపం పెట్టినప్పుడు మా ఇంట్లో ఎవరూ టెన్షన్ పడలేదు. కుకీ వాసనకీ ఎవరూ పడక్కర్లేదు.

కమిటీకి నా మనవి ఇది. ఓవెన్లు ఉన్న హాలు డిసెంబరులో దొరకడం కష్టం, అందుకని దసరా లోపే బుక్ చేయండి. శుక్రవారం సాయంత్రం పిండి కలపడానికి పెద్దవాళ్ళు, శనివారం పొద్దున ఒత్తడానికి పిల్లలు. గుడ్డు వేసినవి, వేయనివి వేరే బల్లల మీద పెట్టి పేర్లు రాయాలి. నూనె పొయ్యి దగ్గరికి చిన్నపిల్లల్ని రానివ్వకూడదు. చేసినవాటిలో సగం డబ్బాల్లో సర్ది, మన వీధుల్లో ఇరుగుపొరుగుకి పంపాలి. శొంఠి, లవంగాలు, యాలకులు దంచి తెచ్చే బాధ్యత నాది. గులాబీ అచ్చులు ఎవరి ఇంట్లో ఉన్నా పేరు ఇవ్వండి, కనీసం నాలుగైదు కావాలి.